ఇద్దరి లెక్కన కట్టిన కమాన్లు

బండి ముందు వైపు కుంగిన సంగతి జంగయ్యకు గుడ్ల వల్ల తెలిసింది.

రోజూ పొద్దున ఐదున్నరకు సీతాఫల్‌మండిలో కల్పలత గుడ్ల గోదాము ముందు అతని పికప్ ఆగుతుంది. ముప్పై గుడ్లు పట్టే అట్ట ట్రేలు ఒకదాని మీద ఒకటి పన్నెండు వరుసలు పేర్చి, తాడు బిగించి, బేగంపేటలో రెండు హోటళ్ళకు, ఒక ఆఫీసు క్యాంటీనుకు చేర్చాలి. తొమ్మిదేళ్ళుగా అదే పని. దారిలో ఒకటో రెండో పగలడం మామూలే. ఈ వానాకాలం నుంచి మాత్రం క్యాబిన్ వెనక, కుడిచేతి వైపు దొంతరలో అడుగు ట్రేలు రోజూ తడిసి దిగుతున్నాయి. రోడ్డు మీది గుంతలనుకున్నాడు. తాడు వదులైందని ఇంకో చుట్టు వేశాడు. బ్రేకు మెల్లగా తొక్కాడు. గుడ్లు పగులుతూనే ఉన్నాయి.

క్యాంటీను స్టోరు చూసే హరికిషన్ పగిలినవి ఒక్కొక్కటే వేళ్ళతో ఎత్తి చూపించేవాడు.

"ఇగో ఇదొకటి, ఇదొకటి. గుడ్లు తెమ్మంటే పొదిగి తెస్తున్నవా జంగయ్యా?"

"రోడ్డు మంచిగ లేదు సార్."

"రోడ్డు నీ ఒక్కనికేనా? మీ ఆమె ఉన్నప్పుడు ఒక్కటి పలిగేది కాదు. ఎప్పుడొస్తుంది సుమిత్రమ్మ?"

"వస్తది. వచ్చే నెల."

ఒకరోజు ఖాళీ ట్రేల కోసం ఎదురుచూస్తూ క్యాంటీను వెనక గేటు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అక్కడ సిమెంటు నేల చదునుగా ఉంటుంది. బండిని చాలా కాలం తర్వాత ఎదురుగా చూశాడు. ముక్కు నేలకు వంచి, వెనక లేచి, కుడికి ఒరిగి నిలబడి ఉంది. ఎప్పటి నుంచి అలా ఉందో అతనికి తెలియదు. లోపల కూర్చుని నడిపేవాడికి బండి వాలు కనపడదు. దిగి దారి చూపించే మనిషి ఉంటే చెప్పేది.

ఆ మనిషి సుమిత్ర. జంగయ్య పందొమ్మిదేళ్ళ వయసులో ఆలేరు నుంచి వచ్చి మోండా మార్కెట్‌లో బస్తాలు మోశాడు. తర్వాత ట్రాలీ ఆటో నడిపాడు. ఆ తర్వాత ఒక ఫర్నిచర్ దుకాణంలో డ్రైవరుగా పదకొండేళ్ళు చేశాడు. దుకాణం మూసేసినప్పుడు యజమాని ఆ పికప్‌నే తక్కువ ధరకు ఇచ్చాడు. బండి సొంతమైన నాటి నుంచి సుమిత్ర పక్క సీట్లో కూర్చుంది. పిల్లలు లేరు, ఇంట్లో ఉండి చేసేదేముందని ఆమే ఎక్కింది. ట్రేలు లెక్కపెట్టడం, తాడు చూడడం, వెనక్కి తీసేటప్పుడు దిగి చెయ్యి ఊపడం, హోటలు వాచ్‌మన్లతో గొడవ పడడం ఆమె పనులు. జంగయ్య బండి నడిపేవాడు, అంతే.

నాలుగేళ్ళ కింద జనగామలో ఆమె అక్కకు తుంటి ఎముక విరిగింది. పదిహేను రోజులని వెళ్ళింది. అక్క లేచి తిరగడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో సుమిత్ర అక్కడి బడిలో పిల్లల మధ్యాహ్న భోజనం వండే పనిలో కుదిరింది. ఇద్దరికీ తగాదా లేదు. ఆమె ప్రతి ఆదివారం పదకొండింటికి ఫోన్ చేస్తుంది. ఎప్పుడొస్తావని అతను అడగలేదు, వస్తానని ఆమె అనలేదు. బస్తీలో అడిగిన వాళ్ళకు అతను వచ్చే నెల అని చెబుతూ వచ్చాడు. మొదట అది నిజమే.

సోమవారం పొద్దున కల్పలత గోదాము బయటికి వచ్చి నిలబడింది. ముప్పై ఐదేళ్ళ మనిషి. తండ్రి వ్యాపారాన్ని ఒక్కతే నడుపుతుంది.

"జంగన్నా, మొన్న పద్దెనిమిది, నిన్న ఇరవై రెండు. ఆమ్లెట్లు ఏసి పంపుతున్నమని ఫోన్ చేసి నవ్వుతున్నరు క్యాంటీనోళ్ళు."

"బండి జెర కుంగిందమ్మా. చూపిస్త."

"చూపియ్. వచ్చే సోమవారం దాక ఆగుత. ఒక కొత్త బండాయన రోజూ అడుగుతుండు. సోమవారం సుత గిట్లనే ఉంటే ఆయనకిచ్చేస్త. మళ్ళ నన్నేమనకు."

జంగయ్య తలూపాడు. పదిహేడేళ్ళ బండికి వేరే కిరాయిలు వారానికొకటి వస్తే ఎక్కువ. ఒక్కడి తిండికి దానితో సరిపెట్టుకోవచ్చు. కాని పొద్దున ఐదున్నరకు అతను ఇంకా రాలేదేమని చూసే చోటు ఊళ్ళో ఇదొక్కటే.

గుడ్లు దింపి, హరికిషన్ మాటలు పడి, అటు నుంచి అటే లాలాగూడ వెళ్ళాడు. రైల్వే వర్క్‌షాపు గోడ పక్క సందులో ఇమామ్ షెడ్డు ఉంది. ముందు చక్రాల దగ్గర బండి బరువును మోసే ఉక్కు పట్టీల కట్టను కమాన్ అంటారు. ఇమామ్ నలభై ఏళ్ళుగా ఆ కమాన్లే కడుతున్నాడు. రైల్వేలో స్ప్రింగుల పని చేసిన తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. సమ్మెట చప్పుడుకు చెవులు దెబ్బతిన్నాయి. అతనితో మాట్లాడాలంటే అరవాలి. అతను కూడా అరిచే మాట్లాడతాడు.

బండి కింద దూరి, బయటికి వచ్చి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"కమాన్లు చప్పగైనయన్నా. వంపే లేదు. కొత్తయి ఏపిస్తే బండి రేటుల మూడో వంతు ఐతది. గీ బండికి గంత ఎందుకు?"

"వద్దు భాయ్! సస్తాల ఏమన్న చెయ్యి!"

"ఇనుప దిమ్మెలు కింద పెట్టి లేపేటోళ్ళు ఉన్నరు. చానా సస్తా. బ్రేకు కొట్టినప్పుడు దిమ్మె జరిగిందనుకో, నువ్వూ ఉండవు, దిమ్మె పెట్టినోడూ దొరకడు. నేను గది చెయ్య. నీ పట్టీలే ఇప్పి, కొట్టి, వంపు తెస్త. పాత బండివి రెండు పట్టీలున్నయ్, దిక్కుకొకటి నడుమల ఏస్త. ముందర వెనక సమానం ఐతది. ఎక్కువ లేప. ఎక్కువ లేపితే స్టీరింగు ఊగుతది."

"గట్లనే కానియ్!"

"అయితే ఎక్కి కూసో."

జంగయ్యకు అర్థం కాలేదు. ఇమామ్ టేపు లాగి చూపించాడు.

"ఖాళీ బండిని నేను కొలువనన్నా. రోడ్డు మీద ఖాళీ బండి నడుస్తదా? బండిల ఎవలు కూసుంటరో వాళ్ళతోటే కొలుస్త. గది మా అబ్బా నేర్పిన లెక్క."

జంగయ్య ఎక్కి కూర్చున్నాడు. ఇమామ్ చక్రం నడిమి నుంచి పైన రేకు అంచు దాకా టేపు పెట్టాడు. ఎడమ పదహారున్నర అంగుళాలు, కుడి పదిహేను.

"ఇంచున్నర తేడా! పక్కన ఎవలు కూసుంటరు?"

ఎవరూ కూర్చోరు అని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఎదురు షెడ్డులో పంక్చర్లు వేసే అతను ట్యూబు నీళ్ళలో ముంచి ఇటే చూస్తున్నాడు.

"మా ఇంటామె," అన్నాడు జంగయ్య.

"ఆఁ?"

"మా ఇంటామె కూసుంటది!"

"రోజూనా?"

"రోజూ!"

"మంచిగైంది. ఒక్కనివే అయితే కుడి దిక్కు ఇంకో పొట్టి పట్టీ ఎక్కియ్యాలె. ఇద్దరుంటే వద్దు. ఎక్కిచ్చినమనుకో, ఆమె దిక్కు ఒరుగుతది. ఏది, తోలుకరా ఆమెను. కూసుండబెట్టి కొలుద్దాం."

"ఆమెకు పనుంది!"

"సరే మరి, బరువెంతుంటది?"

జంగయ్య కాసేపు ఆలోచించాడు. "యాభై కిలోలు!"

పక్కన ఎవరో గోడ కడుతున్నారు. ఇమామ్ అక్కడి నుంచి ఒక సిమెంటు బస్తా మోయించుకొచ్చి పక్క సీట్లో పెట్టించాడు. పడకుండా దాని భుజం తట్టాడు.

"జెర సర్దుకోని కూసో చెల్లె," అని తన మాటకు తానే నవ్వాడు. పంక్చర్ల అతను కూడా నవ్వాడు. జంగయ్య స్టీరింగు పట్టుకుని ముందుకు చూశాడు.

బండిని జాకీల మీద లేపి కట్టలు విప్పారు. తుప్పు రాలింది. ఇమామ్ ఇనుప రేకు మీద సుద్దతో ఒక వంపు గీత గీసి, ఒక్కో పట్టీని దిమ్మె మీద పెట్టి సమ్మెటతో కొట్టాడు. నాలుగు దెబ్బలకోసారి తీసి గీత మీద పరిచి చూశాడు. గీతకూ పట్టీకీ నడుమ వేలి గోరంత సందు ఉన్నా మళ్ళీ దిమ్మె మీదికి తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం తిండికి కూడా లేవలేదు. జంగయ్య ఒక పాత టైరు మీద కూర్చుని చూశాడు. తాను చెప్పినదాన్ని బట్టే ఇంత జాగ్రత్తగా పని జరుగుతోందని అతనికి తెలుసు. నిజం చెప్పడానికి మూడు నాలుగు సార్లు లేవబోయాడు. అరవాలి. సమ్మెట ఆగినప్పుడు సందంతా వినపడుతుంది.

నాలుగింటికి కట్టలు ఎక్కించి బండిని దించారు. మళ్ళీ జంగయ్య, మళ్ళీ బస్తా. ఇమామ్ రెండు వైపులా రెండు సార్లు కొలిచాడు.

"కుడి పదిహేడుంబావు, ఎడమ పదిహేడుంబావు! నడుమల గోలీ పెడితే దొర్లదు."

బస్తా దింపి పక్క వాళ్ళకు ఇచ్చేశారు. అది దిగినప్పుడు బండి తన వైపు కొద్దిగా ఒరగడం జంగయ్యకు నడుము కింద తెలిసింది.

మంగళవారం పొద్దున ముక్కు నిలబడింది. బ్రేకు తొక్కితే బండి మునుపటిలా ముందుకు మునగలేదు. కుడి వాలు మాత్రం అలాగే ఉంది. పదకొండు గుడ్లు పగిలాయి.

"సగం తగ్గినయ్. సగం చాలదన్నా," అంది కల్పలత ఫోనులో.

బుధవారం తెల్లవారకముందే జంగయ్య తన సందులో కడుతున్న ఇంటి ముందు కుప్ప నుంచి, మేస్త్రీని అడిగి, ఒక గోనెసంచిలో ఇసుక నింపుకున్నాడు. మార్కెట్‌లో మోసిన చేతులు. ఎత్తి చూస్తే యాభై కిలోలు ఎక్కడొస్తుందో తెలుస్తుంది. మూతి కుట్టి పక్క సీట్లో కూర్చోబెట్టాడు. ఆ రోజు రెండే పగిలాయి.

హరికిషన్ ట్రేలు చూసి, "ఏందయ్యా, సుమిత్రమ్మ వచ్చిందా?" అన్నాడు.

"వస్తది."

బస్తా దారిలో జారి మెత్తగా కూలబడేది. వీపు వైపు ఒక చెక్క పెట్టి నిలబెట్టాడు. సిగ్నళ్ళ దగ్గర పక్క ఆటోల వాళ్ళు లోపలికి చూస్తున్నారని పాత దుప్పటి కప్పాడు. దుప్పటి కప్పాక ఇంకా ఎక్కువగా చూశారు. ఏమైనా బండి చదునుగా నడిచింది.

గురువారం క్యాంటీనులో గిన్నెలు తోమే రోసమ్మ బండి దగ్గరికి వచ్చింది. రాత్రి డ్యూటీ చేసి ఇంటికి పోతోంది. ఉండేది సీతాఫల్‌మండిలోనే.

"జంగన్నా, మోకాళ్ళు గుంజుతున్నయ్. బస్సెక్కలేను. జెర ఇంటికాడ దింపరాదే."

జంగయ్య సంతోషంగా తలుపు తీయబోయి ఆగాడు. క్యాంటీను గుడ్లు దిగిపోయాయి. బస్తాను వెనక పడేసి ఆమెను ఎక్కించుకోవచ్చు. కాని రెండో హోటలు గుడ్లు ఇంకా వెనకే ఉన్నాయి, బస్తా తీస్తే బండి ఒరుగుతుంది. బస్తా తీసి రోసమ్మను కూర్చోబెడితే అదే బరువని అతనికి ఆ క్షణంలో తోచలేదు.

రోసమ్మ తొంగి చూసింది. "ఎవలు పండుకున్నరు?"

"ఎవలు లేరు. సరుకు."

"సరుకును ముందట కూసుండబెట్టి మనుషులను నడిచిపొమ్మంటవా? మంచిగుంది," అని ఆమె బస్టాపు వైపు వెళ్ళిపోయింది. ఆమె మలుపు తిరిగాక అతనికి తోచింది. పిలుద్దామని హారను కొట్టాడు. ఆమె వెనక్కి రాలేదు.

శనివారం ప్యారడైజ్ దగ్గర ఒక ఆటో అడ్డం తిరిగింది. జంగయ్య బ్రేకు తొక్కాడు. బస్తా ముందుకు కూలి సీటు కిందికి జారి గేరు రాడ్డుకు అడ్డం పడింది. గేరు పడలేదు. వెనక వాళ్ళు హారన్లు కొడుతుంటే బండి దిగి, అటు వైపు తలుపు తీసి, దుప్పటి పట్టుకుని దాన్ని పైకి లాగాడు. దుప్పటి చేతిలోకి వచ్చింది గాని బస్తా రాలేదు. ట్రాఫిక్ హోంగార్డు వచ్చి చెయ్యి వేశాడు.

"ఏందిది?"

"ఇసుక."

"పికప్‌ల గింత జాగ ఉంటే ఇసుక ముందట పెట్టుకుంటవా? దిమాక్ ఉందా?"

నలభై ఒక్క గుడ్లు పోయాయి. కల్పలత ఫోనులో గొంతు పెంచలేదు. "సోమవారం అన్న. సోమవారమే అన్నా," అంది.

ఆదివారం పదకొండింటికి సుమిత్ర ఫోన్ చేసింది. తిన్నావా, వానలు పడుతున్నాయా, అక్క తుంటి నొప్పి, బడికి కొత్తగా వచ్చిన పెద్ద గిన్నెలు. ఎప్పుడూ ఉండే మాటలు అయిపోయాయి. మామూలుగా అప్పుడు ఉంటా అంటుంది.

"ఆగు. ఒకటడగాలె," అన్నాడు జంగయ్య. "బండికి కమాన్లు కట్టిపిచ్చిన. నువ్వు వస్తవా రావా తెల్వాలె."

"కమాన్లకు నేనెందుకు?"

"మిస్త్రీ పక్కన ఎవలు కూసుంటరని అడిగిండు. నువ్వని చెప్పిన. ఇద్దరి లెక్కన కట్టిండు. ఇప్పుడు ఒరుగుతుంది."

అవతల సుమిత్ర నవ్వింది.

"నా బరువెంత చెప్పినవ్?"

"యాభై."

"యాభై ఎక్కడిది? అరవై దాటిన. బడి అన్నం."

"గట్లనా."

"ఆ మిస్త్రీకి ఏం చెప్పినవో గని, బస్తీల సుత వచ్చే నెల వస్తదని చెప్తున్నవట. మన సందుల రామక్క చెప్పింది. ఎన్ని నెలలు చెప్తవయ్యా?"

కిటికీ అవతల మౌలాలి వైపు ఒక గూడ్సు బండి పోతోంది. అది పోయేదాకా ఇద్దరూ ఆగారు.

"ఇక్కడ తొంభై మంది పిల్లలకు వండుతున్న," అంది సుమిత్ర. "పేరు పెట్టి పిలుస్తరు నన్ను. నువ్వంటే కోపం లేదు. ఆ సీట్ల కూసుండుడు మాత్రం నాతోని కాదు ఇగ. నువ్వు రోడ్డు చూస్తవ్, నేను ట్రేలు చూస్త. పొద్దుగాల పోయి మళ్ళొచ్చెదాక నాలుగు మాటలు మాట్లాడేటోనివి కాదు."

"చెప్పకపోతివి."

"అడగకపోతివి," అంది. "ఒక్కని లెక్కకే కట్టిపిచ్చుకో బండిని. గుడ్లు పలుగుతే నీకే తక్లీఫు."

ఇమామ్ శుక్రవారం మధ్యాహ్నాలు తప్ప షెడ్డు మూయడు. జంగయ్యను చూసి టీ గ్లాసు చేతిలోనే పెట్టుకుని లేచాడు.

"ఏందన్నా, గప్పుడే వాపస్ వచ్చినవ్? చెల్లె బరువు పెరిగిందా?"

"ఆమె కూసుండదు భాయ్."

"ఆఁ?"

"ఆమె కూసుండదు! నేను ఒక్కణ్ణే!"

పంక్చర్ల అతను తలెత్తాడు. రోడ్డు మీద పోతున్న ఒకామె కూడా చూసింది.

ఇమామ్ గ్లాసు పక్కన పెట్టాడు. "ఎప్పటి సంది?"

"నాలుగేండ్లాయె!"

ఇమామ్ టేపు తీశాడు. ఈసారి ఏ బస్తా తేలేదు. జంగయ్యను కూర్చోబెట్టి కొలిచి, కుడి వైపు మాత్రం జాకీ పెట్టి, కట్టలో పొట్టి పట్టీ ఒకటి దూర్చి బిగించాడు. అరగంట పట్టింది. మళ్ళీ కొలిచాడు. రెండు వైపులా సమానం.

జంగయ్య దిగి దూరంగా నిలబడి చూశాడు. మనిషి లేని బండి ఇప్పుడు ఎడమకు ఒరిగి ఉంది.

"నువ్వు దిగితే గట్లనే కనపడతది," అన్నాడు ఇమామ్. "ఖాళీ బండిని చూసి పరేషాన్ కాకు. నువ్వెక్కితే సమానం. రేపెప్పుడన్న ఆమె వస్తే తోలుకరా, పట్టీ తీసేస్త. అరగంట పని."

"రాదు," అన్నాడు జంగయ్య. అరవలేదు. ఇమామ్‌కు వినపడిందో లేదో తెలియదు. అతను వంగి పానాలు ఏరుకుంటున్నాడు.

సోమవారం గోదాము దగ్గర కల్పలత తాడు తనే లాగి చూసింది. రైలు స్టేషను ముందు గుంతలు, ప్యారడైజ్ సిగ్నలు, బేగంపేట వంతెన. బండి ఏ పక్కకూ లాగలేదు. దారి పొడుగునా జంగయ్య ఒక జవాబును మనసులో తిప్పుకుంటూ వచ్చాడు. రాదు సార్, అక్కడే బడిలో పని చేస్తుంది. అంతే. రెండు మాటలు. హరికిషన్ ఏమంటాడో, దానికి తాను ఏమనాలో కూడా కొంత అనుకున్నాడు.

క్యాంటీను వెనక గేటు దగ్గర ట్రేలు దించాడు. హరికిషన్ ఫోను చెవి దగ్గర పెట్టుకునే వచ్చి, పై ట్రేలు ఎత్తి, అడుగు ట్రేలు చూశాడు. అట్ట పొడిగా ఉంది. ఇంకో దొంతర చూశాడు. ఒక్కటీ పగలలేదు. ఫోనులో ఎవరితోనో ఉల్లిగడ్డల సంగతి మాట్లాడుతూనే చీటీ మీద సంతకం పెట్టి ఇచ్చాడు.

జంగయ్య చీటీ జేబులో పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

హరికిషన్ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇంకేమన్న ఉందా?"

"లేదు సార్."

"మంచిగున్నయ్ గద అన్ని. పో మరి," అని లోపలికి వెళ్ళిపోయాడు.

పగిలిన గుడ్డు లేని రోజు అతనితో మాట్లాడడానికి అక్కడ ఎవరికీ ఏమీ ఉండదు. జంగయ్య ఖాళీ ట్రేలు ఎత్తి వెనక పేర్చాడు. తాడు కట్టాడు. రెండో హోటలుకు ఇంకా టైముంది. బండెక్కి కూర్చుని, తలుపు వేసుకుని, ఇంజను వేయకుండా కాసేపు అలాగే ఉన్నాడు.